సొంత ఇంట్లో కెమెరాల మధ్య ఉంటున్నాం, అబ్బాయి నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

గుంటూరు టీచరమ్మ:

నమస్కారమండీ. నేను రిటైరైన టీచర్ని, వయసు 67, మా వారికి 74. గుంటూరులో కింద పోర్షన్లో మేమిద్దరం ఉంటాం, పైన అద్దెకిచ్చాం. ఒక్కడే అబ్బాయి, డాలస్‌లో ఉద్యోగం.

పోయిన ఏడాది నేను బారసాలకని తెనాలి వెళ్లి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లవారుజామున మా వారు బాత్రూమ్‌లో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, ఫోనేమో మంచం మీద ఉండిపోయింది. ఎనిమిదింటికి పనమ్మాయి వచ్చి ఎంత కొట్టినా తలుపు తీయకపోయేసరికి పై వాళ్లని పిలిచి పగలగొట్టించింది. అప్పటిదాకా దాదాపు నాలుగు గంటలు ఆయన తడి నేల మీదే ఉన్నారు. అబ్బాయి వణికిపోయాడు. సెలవు పెట్టుకుని వచ్చి, ఆపరేషన్ దగ్గరుండి చేయించి, తిరిగి వెళ్లే ముందు నాలుగు కెమెరాలు పెట్టించాడు. గేటు దగ్గర ఒకటి, హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, మా పడకగదిలో ఒకటి. అప్పుడు నేనేమీ అనలేదు. అనాలని తోచలేదు కూడా, మనిషి దక్కాడన్న సంతోషంలో ఉన్నాం.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది. మాకు పొద్దున ఏడైతే వాడికి రాత్రి ఎనిమిదిన్నర, భోజనం చేస్తూ ఫోన్లో మమ్మల్ని చూస్తాడు. ఆ కెమెరాలోంచే మాట్లాడతాడు కూడా. మొదటిసారి వంటింట్లో వెనకనుంచి "అమ్మా, నాన్నకి ఇంకా టిఫిన్ పెట్టలేదేం" అని వినబడేసరికి చేతిలో గిన్నె జారిపోయింది. మా వారికి స్నానం చేసి తువ్వాలు కట్టుకుని ఒంటి మీద చొక్కా లేకుండా హాల్లో కూర్చుని గొంతెత్తి పద్యాలు పాడుకోవడం యాభై ఏళ్ల అలవాటు. అది మానేశారు. కోడలు కూడా ఆ ఫోన్ చూస్తుందేమోనని ఆయన బిడియం. ఈ వేసవిలో ఆవకాయ పెట్టే రోజుల్లో మా వీధిలో ఆడవాళ్లం నలుగురం ఎప్పటిలాగే మా హాల్లోనే కూర్చుని కాయలు కొట్టుకుందామనుకున్నాం, ఒకావిడ పైకి చూసి "అది కెమెరానా" అంది, తర్వాతి రోజు నుంచి వాళ్లింట్లోనే పెట్టుకుంటున్నారు. నన్నూ రమ్మంటారు, వెళ్తాను, కానీ నా ఇంటికి ఎవరూ రావడం లేదు.

ఒక మధ్యాహ్నం చనిపోయిన మా అక్క గుర్తొచ్చి ఏడ్చాను. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది, "ఏమైందమ్మా, నాన్నేమన్నా అన్నారా" అని. వాడికి అప్పుడు అర్ధరాత్రి దాటింది, ప్రేమతోనే చేశాడు. కానీ ఆ ఏడుపు నాది అండీ. ఎవరికీ చెప్పుకోవాలని లేని ఏడుపు. అది కూడా నాకు మిగల్లేదని ఆ రోజు అనిపించింది.

మా వారినడిగితే, ఇల్లు వాడి పేరు మీద రాసేశాం కదా, వాడి ఇంట్లో వాడు పెట్టుకున్నాడు, మనకి అడిగే హక్కేముంది అంటారు. నాకేమో అడిగితే వాడి మనసు విరిగిపోతుందని భయం. నేను కృతజ్ఞత లేకుండా ఆలోచిస్తున్నానా? మీ ఇళ్లల్లో ఇలాంటిది ఎలా సర్దుకున్నారు?

న్యూజెర్సీ కొడుకు:

అమ్మా, నేను మీ అబ్బాయి స్థానంలో ఉన్నవాడిని. మా అమ్మానాన్న భీమవరంలో ఉంటారు, నేనూ నాలుగేళ్ల కిందట ఇలాగే కెమెరాలు పెట్టించాను. ముందు మీ అబ్బాయి వైపు మాట ఒకటి చెప్పాలి. ఇక్కడ రాత్రి రెండింటికి ఇండియా నంబరు నుంచి ఫోన్ వస్తే, ఎత్తేలోపు ఆ రెండు సెకన్లలో గుండె ఆగినంత పని అవుతుంది. కెమెరాలో అమ్మ కాఫీ కలుపుతూ కనబడితే ఆ రోజు పనిలో పడగలుగుతాం. అది అలవాటైపోతుంది. నేను ఆఫీసు మీటింగుల మధ్యలో కూడా చూసేవాడిని, రోజుకి ఇరవైసార్లు చూసి ఉంటాను. ఏం చూస్తున్నానో నాకే తెలియదు, ఊరికే తెరిచి చూడటమే.

నాకు విషయం అర్థమైంది పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు. మూడు వారాలు ఉన్నాను. కెమెరాలు పెట్టింది నేనే, పాస్‌వర్డ్ నా దగ్గరే, చూసే అవకాశం ఉన్నది నా భార్య ఒక్కర్తికే. అయినా రెండో రోజుకే నేను ఫోన్ మాట్లాడాలంటే డాబా మీదికి వెళ్తున్నానని గమనించాను. సోఫాలో కాళ్లు చాపుకుని పడుకోలేకపోయాను. మా అమ్మ మూడేళ్లుగా పెరట్లో రాతి గట్టు మీద కూర్చుని ఎందుకు టీ తాగుతుందో అప్పుడు తెలిసింది. అడిగితే "గాలి బాగుంటుంది నాయనా" అంది. కెమెరా గురించి ఒక్క మాట అనలేదు. మూడేళ్లు అనలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అడిగి ఉంటే ఆ రోజే తీసేసేవాడిని.

అందుకే చెబుతున్నాను, దయచేసి అడగండి. వాడికి తెలియదు. వాడికి తెరమీద మీరు బాగానే కనబడుతున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో గేటు కెమెరా ఒక్కటే ఉంది. ఎదురింటి వాళ్ల దగ్గర తాళంచెవి ఉంది. పొద్దున ఏడున్నరలోపు నాన్న ఒక మెసేజ్ పెడతారు, పెట్టకపోతే నేను ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే ఎదురింటికి చేస్తాను. ఏడాది కావొస్తోంది, రెండుసార్లు మాత్రమే మర్చిపోయారు.

ఆర్వీ_విశాఖ:

నేను ఒప్పుకోను. మా అమ్మ ఒంటరిగా ఉండేది, కెమెరా వద్దంది, సరే అన్నాం. గుండెపోటు వచ్చి పోయిన సంగతి మర్నాటిదాకా మాకు తెలియలేదు. కెమెరా ఉంటే బతికేదో లేదో నాకు తెలియదు, కానీ ఆ ప్రశ్న నన్ను వదలదు. ప్రైవసీ అనేది మనవాళ్ల మధ్య ఎప్పుడుందండీ? మా చిన్నప్పుడు ఒకే గదిలో పదిమందిమి పడుకునేవాళ్లం, ఏ ఇంటి తలుపూ పగలు మూసేవాళ్లు కాదు. కన్నకొడుకు చూస్తే తప్పేంటి? టీచర్ గారూ, మిమ్మల్ని బాధపెట్టాలని కాదు, ఆ నాలుగు గంటలు ఇంకోసారి రాకూడదని.

గుంటూరు టీచరమ్మ:

ఆర్వీ గారూ, మీ అమ్మగారి విషయం చదివి మనసు కలుక్కుమంది. మీ మాట కొట్టిపారేయను, ఆ నాలుగు గంటలు నన్నూ వదల్లేదు.

కానీ మన ఇళ్లల్లో ప్రైవసీ లేదన్నది మాత్రం నిజం కాదనిపిస్తుంది. నేనూ ఉమ్మడి కుటుంబంలోనే కాపురానికి వచ్చాను. మా మామగారు వీధిలోంచి లోపలికి వస్తూ గడప దగ్గర ఒకసారి దగ్గేవారు. నడవలో ఎవరున్నా సర్దుకునేవాళ్లం. పక్కింటావిడ పెరటి గుమ్మంలో నిలబడి "వదినా, ఉన్నావా" అని పిలిచి, నేను పలికాకే అడుగు పెట్టేది. తలుపులు తెరిచే ఉండేవి, కానీ ఎవరొస్తున్నారో మనకి తెలిసేది, వచ్చినవాళ్లు మనకి కనబడేవారు. వాళ్లు మనల్ని చూస్తే మనమూ వాళ్లని చూసేవాళ్లం. ఇప్పుడు వాడు ఎప్పుడు చూస్తున్నాడో, ఎప్పుడు చూడటం లేదో నాకు తెలియదు. అందుకని చూస్తున్నట్టే ఉండాల్సి వస్తోంది, పగలూ రాత్రీ. ఆ దగ్గు లేదండీ ఇందులో. నాకు కష్టంగా ఉన్నది అదే అనుకుంటాను, మీకు రాస్తుంటేనే నాకూ తెలిసింది.

హోమ్‌నర్స్_పద్మ:

అమ్మా నమస్తే. నేను పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ముసలివాళ్ల దగ్గర ఇరవైనాలుగు గంటల డ్యూటీ చేస్తున్నాను. ఇప్పుడు కెమెరా లేని ఇల్లు దొరకడం తక్కువ. హాల్లో ఉంటే నాకు అభ్యంతరం లేదు, ఒకరకంగా మాకూ మంచిదే, ఏదైనా వస్తువు పోతే ముందు మా మీదే పడతారు కదా. కానీ పేషెంట్ గదిలో పెట్టడం చాలా తప్పు. నేను చేసిన ఒక ఇంట్లో ఎనభై రెండేళ్ల అమ్మగారు, మంచం మీదే అన్నీ. ఒళ్లు తుడిచేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు నేను కెమెరా మీద టవల్ వేసేదాన్ని. ఆమె నోటితో చెప్పలేదు కానీ టవల్ వేసేదాకా చెయ్యి గట్టిగా పట్టుకునేది, వేశాక వదిలేది. ఒకరోజు వాళ్లబ్బాయి ఫోన్ చేసి, టవల్ ఎందుకు వేశావు, ఏం దాస్తున్నావు అని గట్టిగా అరిచారు. నేను చెప్పాను, సార్, మీ ఫోన్ మీ చేతిలోనే ఉంటుందని అమ్మకెలా తెలుస్తుంది, మీ పక్కన ఎవరున్నారో మాకెలా తెలుస్తుంది అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కెమెరా తీయించారు.

నేను పడుకునేది కూడా ఆ గదిలోనే. రాత్రి చీర సరిగా ఉందో లేదో అని నిద్రలో కూడా టెన్షనే. పనిచేసేవాళ్లకి కూడా మానం ఉంటుంది కదమ్మా.

ఒకటి అడగనా, ఏమీ అనుకోకండి. సార్ పడింది బాత్రూమ్‌లో. నాలుగు కెమెరాలు పెట్టారు, బాత్రూమ్‌లో కెమెరా ఎలాగూ పెట్టరు, పెట్టకూడదు. మరి అక్కడ గోడకి పట్టుకునే స్టీల్ కడ్డీలు పెట్టించారా? జారని టైల్స్ గానీ రబ్బరు మ్యాట్ గానీ వేశారా? కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, రెండు కడ్డీలు. రాత్రి మంచం నుంచి బాత్రూమ్‌దాకా చిన్న లైటు. లోపలి గడియ బయటనుంచి కూడా తెరుచుకునేలా మార్చాలి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ పడితే చాలా కష్టం, నేను చూశాను.

గుంటూరు టీచరమ్మ:

పద్మా, కడ్డీలు పెట్టించలేదమ్మా. మాకెవరికీ తట్టలేదు. నీ మాట చదివి మా వారికి కూడా చదివి వినిపించాను.

రాజమండ్రి వకీలు:

టీచర్ గారూ, ఇది కోర్టుకి వెళ్లే విషయం కాదు, వెళ్లమనీ చెప్పను. కానీ "అడిగే హక్కేముంది" అని మీ వారు అన్న మాట నన్ను ఆపేసింది, దానికి జవాబు చెప్పాలనిపించింది.

ఖరక్ సింగ్ అని ఉత్తరప్రదేశ్ మనిషి. 1941లో ఒక దోపిడీ కేసులో అనుమానించి, ఆధారాలు లేవని వదిలేశారు. అయినా పోలీసులు ఆయన మీద హిస్టరీ షీట్ తెరిచి, రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు కొట్టి, నిద్ర లేపి ఉన్నాడో లేడో చూసుకునేవారు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆరుగురు జడ్జీల బెంచి అలా రాత్రిపూట ఇంటి మీదికి రావడం చెల్లదంది, కానీ మిగతా నిఘా ఉండొచ్చంది, ప్రైవసీ అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని కూడా అంది. దానితో ఒప్పుకోని ఇద్దరు జడ్జీలలో ఒకరు కోకా సుబ్బారావు గారు, మా రాజమండ్రిలో పుట్టినవారు, తర్వాత 1966లో చీఫ్ జస్టిస్ అయ్యారు. ఆయన చెప్పింది నా మాటల్లో ఇది: మనిషిని కట్టేయడానికి సంకెళ్లే అక్కర్లేదు, ఎవరో కనిపెడుతున్నారని తెలిస్తే చాలు, కదలడానికి అడ్డు లేకపోయినా ఆ మనసు స్వేచ్ఛగా ఉండలేదు. మీ వారు పద్యాలు మానేశారని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తీర్పే.

ఆ మైనారిటీ అభిప్రాయం నిలబడటానికి యాభై ఏళ్లు దాటింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కేనని, 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తేల్చారు. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి, తీర్పు వచ్చేనాటికి ఆయనకి తొంభై దాటాయి.

ఇక ఇల్లు అబ్బాయి పేరు మీద ఉందన్న సంగతి. 2004 చివర్లో సుప్రీంకోర్టులో హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కీ కెనరా బ్యాంకుకీ మధ్య ఒక కేసు తేలింది. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఆధారంగా అధికారులు ఎక్కడికైనా వెళ్లి కాగితాలు తనిఖీ చేయొచ్చా అన్నది విషయం. అందులో కోర్టు స్పష్టంగా చెప్పిన మాట, ప్రైవసీ హక్కు మనుషులది, స్థలాలది కాదు అని. కాబట్టి పట్టా ఎవరి పేరున ఉన్నా, ఆ గదిలో పడుకునేది మీరైతే ఆ గదిలో ప్రైవసీ మీది. మీ వారికి ఇది తప్పకుండా చెప్పండి.

ఒక జాగ్రత్త మాట కూడా. ఇవన్నీ ఎక్కువగా ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య తీర్పులు. 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం కూడా సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారానికి వర్తించదు. అయితే ఇంటి లోపలి కెమెరాల మీద కోర్టులు మాట్లాడటం మొదలైంది. 2025లో కలకత్తాలో ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల గొడవలో, రెండోవాళ్ల ఒప్పుదల లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని హైకోర్టు అంది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. పద్మ గారి విషయం మాత్రం వేరు, అది కొంచెం తీవ్రమైనది. ఎవరూ చూడరని అనుకునే చోట ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడం లాంటివి చూడటం, రికార్డు చేయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. పనివాళ్లు పడుకునే చోట కెమెరా పెట్టే ఇంటివాళ్లు ఇది తెలుసుకోవాలి.

బెజవాడ సీసీ టెక్నీషియన్:

మేడమ్, నేను కెమెరాలు బిగించే పనే చేస్తాను. ఇప్పుడు వచ్చే పనుల్లో చాలావరకు ఇలాంటివే, ఫారిన్ పిల్లలు ఫోన్లో చెబుతారు, మేం వెళ్లి పెడతాం, ఇంట్లో పెద్దవాళ్లని ఎక్కడ పెట్టమంటారు అని అడిగేవాళ్లు ఉండరు. నేను ఈ మధ్య అడుగుతున్నాను.

మీ అబ్బాయితో మాట్లాడేలోపు తెలుసుకోవాల్సినవి కొన్ని. చాలా వైఫై కెమెరాలకి మైక్ ఆఫ్ చేసే సెట్టింగ్ యాప్‌లో ఉంటుంది, బొమ్మ ఉన్నా మాటలు వెళ్లవు. సగం ఇబ్బంది అక్కడే తగ్గుతుంది, ఎందుకంటే మనుషులు మాట వినబడుతుందనే ఎక్కువ భయపడతారు. చాలా మోడల్స్‌లో ఫలానా టైము నుంచి ఫలానా టైము వరకు పనిచేయకుండా పెట్టొచ్చు. యాప్‌లో ఎవరెవరికి షేర్ చేశారో లిస్టు ఉంటుంది, దాన్ని ఒకసారి అబ్బాయిని చదివి చెప్పమనండి, బిగించినవాళ్ల అకౌంట్ కూడా అందులో ఉండిపోయిన ఇళ్లు నేను చూశాను. పాస్‌వర్డ్ మార్చమనండి, బిగించిన రోజు పెట్టిందే ఏళ్ల తరబడి ఉంచేస్తారు, అది బయటివాళ్లకి తెలిస్తే మీ హాలు వాళ్లూ చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ప్లగ్ మీ చేతికి అందేలా ఉండాలి. ఎత్తులో పెట్టి వైరు గోడలో దాచేస్తే ఇంట్లో ఉండేవాళ్లకి ఆపే దారి ఉండదు. నేనైతే ఇంట్లో ఉండేవాళ్ల చేతిలో స్విచ్ లేని కెమెరా బిగించను ఇప్పుడు.

పడిపోవడం గురించి అయితే బొమ్మ అక్కర్లేదు. మెళ్లో వేసుకునే బటన్లు ఉన్నాయి, నొక్కితే ఫోన్లకి కాల్ వెళ్తుంది, తడిసినా పాడవని రకం తీసుకోండి, స్నానానికి కూడా తీయకూడదు. పడితే దానంతటదే గుర్తించి కబురు పంపే చేతి గడియారాలు ఉన్నాయి. బాత్రూమ్ తలుపుకి చిన్న అయస్కాంతం సెన్సర్ పెడితే, తలుపు మూసి అరగంట దాటినా తెరుచుకోకపోతే అబ్బాయికి మెసేజ్ వెళ్లేలా చేయొచ్చు. అది చూడదు, వినదు.

ఆర్వీ_విశాఖ:

ఆ బటన్ సంగతి నాకు తెలియదు. అప్పుడు ఎవరూ చెప్పలేదు. మా నాన్నగారి అన్నయ్య ఒంటరిగా ఉంటారు, ఆయనకి తీసుకుంటాను. టీచర్ గారూ, కన్నకొడుకు చూస్తే తప్పేంటి అన్నాను కదా, మా పెదనాన్నని అడగకుండా మాత్రం ఏదీ పెట్టను.

గుంటూరు టీచరమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఆదివారం అబ్బాయితో మాట్లాడాను. కెమెరాలోంచి కాదు, ఫోన్లో, పెరట్లో కూర్చుని. ముందు కడ్డీల గురించి చెప్పాను, అది వాడికి కూడా తట్టలేదని చాలా బాధపడ్డాడు. తర్వాత నాన్న పద్యాలు పాడటం లేదురా అన్నాను. వాడు వెంటనే "నేను వినడం లేదనుకున్నానమ్మా, నేను చూసే టైముకి పాడరేమో అనుకున్నాను" అన్నాడు. అక్క గుర్తొచ్చి ఏడ్చిన రోజు సంగతి కూడా చెప్పాను. ఏడుస్తాడేమోనని భయపడ్డాను, ఏడవలేదు, కోపమూ రాలేదు, కాసేపు ఊరుకుని "ఎనిమిది నెలలూ ఎందుకు చెప్పలేదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పడకగదిదీ వంటింటిదీ తీసేశారు. హాల్లోది మాత్రం వాడు ఇంకా ఒప్పుకోలేదు, మూడు నెలలు ఉండనివ్వమన్నాడు, మైక్ ఆపేసి, వీధి తలుపు వైపు మాత్రమే కనబడేలా తిప్పించి. ప్లగ్ నా చేతికి అందే చోటికి మార్పించాను. ఎవరైనా వస్తే తీసేస్తానని ముందే చెప్పాను, సరే అన్నాడు, కానీ ఆ సరే అన్న గొంతులో భయం నాకు వినబడింది. అది నేను మర్చిపోను.

కడ్డీలు బిగించేవాళ్లు గురువారం వస్తామన్నారు. పద్మా, స్నానం చేసే చోట కడ్డీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో చెప్పమ్మా, మా వారు అయిదడుగుల ఆరు అంగుళాలు.